దుర్యోధనుడి తల ఆగే చోటు

ఈ ప్రయాణానికి కారణం మా అమ్మ మొండితనం. నాయన పోయాక రెండు వేసవులు ఆమె నాయన సొంతూరు మిట్టకండ్రిగ పేరే ఎత్తలేదు. మేనత్తలు ఫోన్ చేసి పిలిచినా మోకాళ్ళ నొప్పులంటూ తప్పించుకుంది. ఈ వేసవిలో ఒక సాయంత్రం, తిరుపతిలో మా ఇంటి వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తూ, తల ఎత్తకుండానే, "ఆదివారం దుర్యోధనుడు పడతాడంట పాపా. పోదాం పద" అంది. మోకాళ్ళ సంగతేమిటని అడిగితే, అవి నావి, నువ్వెందుకు అడుగుతావన్నట్టు చూసింది. నేను బడిలో పిల్లలను గదమాయించి బతికేదాన్నే గానీ ఆ చూపు ముందు మాట్లాడలేను.

మా వైపు వాళ్ళకు చెప్పనక్కర్లేదు, దూరం నుంచి రావాలనుకునేవాళ్ళ కోసం చెబుతున్నాను. చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల పల్లెల్లో ఎండాకాలం వస్తే ధర్మరాజుల గుళ్ళ దగ్గర భారతం పెడతారు. పగలు హరికథ, రాత్రి వీధి నాటకం, అలా రోజుల తరబడి సాగుతుంది. ఆఖరి రోజు పొద్దున దుర్యోధనుడి వధ, సాయంత్రం అగ్నిగుండం. వధ కోసం గుడి ముందు మైదానంలో మట్టితో దుర్యోధనుడిని చేసి వెల్లకిలా పడుకోబెడతారు. అతని పాదాల దగ్గర నిలబడి తల దగ్గరున్న మనిషిని పిలవాలంటే గొంతు బాగా పెంచాలి, అంత పెద్ద బొమ్మ. వేషాలు కట్టిన భీముడు, దుర్యోధనుడు ఆ మట్టి ఒంటి మీదే ఒకరినొకరు తరుముకుంటారు. ఇవన్నీ చాలా ఊళ్ళలో చూడొచ్చు. మిట్టకండ్రిగలో ఇంకొకటి ఉంది. అక్కడ దుర్యోధనుడి తల కదులుతుంది.

కదిలేలా చేసింది మా నాయన. రేణిగుంటలో లారీల షెడ్డులో మెకానిక్కుగా పనిచేసేవాడు. నేను హైస్కూల్లో ఉండగా ఒక వేసవి, ఊరివాళ్ళు అడగకపోయినా, దుర్యోధనుడికి మెడ బిగిస్తానని పట్టుబట్టాడు. ఒళ్ళు ఏటా కొత్త మట్టి, తల మాత్రం కొయ్యది, ఏడాది పొడుగునా గుడి వెనక గదిలో ఉంటుంది. ఆ తలకు చింతకొయ్యతో ఇరుసు చెక్కించి, తుక్కు కింద పడేసిన లారీ బేరింగులు తొడిగి, బ్రేకు కేబుళ్ళు కట్టి, తల వెనక గోతిలో కూర్చుని తిప్పడానికి ఒక చక్రం పెట్టాడు. భీముడి గద తొడ మీద పడగానే నాయన చక్రం తిప్పేవాడు. తల లేచేది, ఎడమ నుంచి కుడికి ఊరినంతా చూసేది, తర్వాత ఒరిగిపోయేది. మొదటి ఏడాదే జనం నోరెళ్ళబెట్టారు.

కానీ తలకు ఒక జబ్బుండేది. సగం దాటాక, ఆడవాళ్ళు కూర్చునే వైపుకు తిరిగేసరికి టక్కుమని ఆగిపోయేది. నాయన గోతిలో బలమంతా పెట్టి చక్రాన్ని లాగితే ఒకసారి వణికి మళ్ళీ కదిలేది. ఆయన చెయ్యి పడ్డ లారీ మళ్ళీ అదే జబ్బుతో షెడ్డుకు వచ్చేది కాదని పేరు. అలాంటి మనిషికి ఊరంతటి ముందు ఏటా ఇదొక అవమానం. బేరింగులు మార్చాడు, గ్రీసు మార్చాడు, కేబుళ్ళు మార్చాడు. తల మాత్రం ఆగే చోట ఆగింది. జనానికి ఆ గొడవేమీ తెలియదు. చచ్చిపోయే ముందు దుర్యోధనుడు ఎవరికోసమో చూస్తున్నాడనుకున్నారు. నాటకంలో దుర్యోధనుడి వేషం కట్టే మేష్టారు ఒక ఏడాది ఆ ఆగిన క్షణంలో, నేల మీద పడి ఉన్నవాడే, "అమ్మా" అని ఒక్క పిలుపు పిలిచాడు. ఆడవాళ్ళంతా కొంగులు కళ్ళకు అద్దుకున్నారు. ఆ ఏటి నుంచీ పిలుపు ఆటలో భాగమైపోయింది.

తిరుగు ప్రయాణంలో బస్సు కదలగానే అమ్మ అడిగేది, "ఈసారీ ఆగిందే?" అని. నాయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "వచ్చే ఏడు సరిచేస్తా" అనేవాడు. "వెనక గోతిలో కూసోని తిట్టుకుంటావు గానీ, ఒక్కసారి ముందర నుంచి సూడు, ఎంత బాగుంటాదో" అని అమ్మ అంటే, "నేను ముందర కూసుంటే తిప్పేదెవరు, మీ అమ్మా?" అని కసిరేవాడు. అంతే, పుత్తూరు నుంచి రేణిగుంట దాకా మాటల్లేవు. ఏటా ఇదే మాట, ఇదే అలక. నాకప్పుడు విసుగొచ్చేది. ఇప్పుడు ఆ బస్సులో ఒక్కసారి వాళ్ళిద్దరి వెనక సీట్లో కూర్చుంటే చాలనిపిస్తుంది.

ఈ ఏడు సంగతి వేరు. నాయన తర్వాత రెండేళ్ళు మా పిన్నమ్మ కొడుకు చంద్ర ఆ చక్రం తిప్పాడు. పోయిన వానాకాలంలో గుడి వెనక గదిలో చింతకొయ్య ఇరుసును చెదలు తినేశాయి. దాంతో నాయనతో పాటు షెడ్డులో పనిచేసిన యేసుపాదం మామ ఇనుముతో కొత్త మెడ చేసి, మోటారు పెట్టాడు. "అక్కా, ఇప్పుడు తల వెన్న మాదిరి తిరగతాది" అని చంద్ర సంబరంగా ఫోన్ చేశాడు. నేను ఆ మాట అమ్మకు చెప్పకుండా దాచాను. ఆమెకు ముందే తెలుసు. "ఆగతాదో లేదో నా కండ్లతో సూడాల" అంది బట్టలు సర్దుకుంటూ. ఆగకపోతే ఏం చేస్తావని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. నాయన చొక్కాలు ఎవరెవరికో ఇచ్చేశాం, పనిముట్లు షెడ్డులోనే ఉండిపోయాయి. ఈ లోకంలో ఆయన జాడగా ఇంకా కదులుతూ మిగిలింది తల ఆగే ఆ తప్పు ఒక్కటే.

ఆదివారం పొద్దున ఆరు దాటాక తిరుపతి బస్టాండులో పుత్తూరు పల్లెవెలుగు ఎక్కాం. ఆడవాళ్ళకు ఇప్పుడు టికెట్టు డబ్బు లేదు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. మగవాళ్ళకు యాభై అరవై రూపాయల మధ్య అవుతుంది. గంట, గంటంపావు ప్రయాణం. రైలైతే రేణిగుంట నుంచి కూడా ఉంది కానీ, పండగ రోజున నిలబడే చోటు దొరకదు. మా పక్క సీట్లో చెయ్యి తువ్వాలులో వేలాడేసుకుని ఒకాయన కూర్చున్నాడు. పుత్తూరు బస్సులో విరిగిన చేతికో కాలికో నాటు కట్టు కట్టించుకోవడానికి వెళ్ళేవాడు ఒక్కడైనా లేకుండా ఉండడు. బస్సు గుంతలో పడినప్పుడల్లా ఆయన డ్రైవరును, అమ్మ రోడ్డు వేసినవాణ్ణి తిట్టారు. అలా ఇద్దరికీ స్నేహం కుదిరింది.

రేణిగుంట దాటేటప్పుడు అమ్మ మాట ఆపేసి కిటికీ వైపు జరిగింది. నాయన షెడ్డు ఉన్న చోట ఇప్పుడు పార్సిళ్ళ గోడౌను ఉంది. నీలం రేకుల గోడ, గేటు దగ్గర యూనిఫారం వేసుకున్న కాపలా మనిషి. నేను చిన్నప్పుడు ఇక్కడికి క్యారియరు తెచ్చేదాన్ని. నాయన కిరసనాయిలుతో చేతులు కడుక్కుని, అయినా వాసన పోక, నా చేత ముద్దలు కలిపించుకుని తినేవాడు. అమ్మ గోడౌను వెనక్కి వెళ్ళిపోయేదాకా మెడ తిప్పి చూసి, తర్వాత కొంగు సవరించుకుంది.

పుత్తూరు బస్టాండుకు ఎదురు సందులో ఒక చిన్న హోటలుంది, బోర్డు లేదు, బయట దోసె పెనం కనబడుతుంది. ఎర్రకారం పూసిన దోసె తినాలంటే అక్కడికే వెళ్ళండి, ఇద్దరికీ కలిపి నూరు రూపాయలు దాటదు. దోసె పోస్తున్నామె మా చేతిసంచీలో పసుపు, పూలు చూసి, "కండ్రిగకా అక్కా? ఈసారి దుర్యోధనుడికి కరెంటంట గదా" అని అడిగింది. "అంటా ఉండారు" అంది అమ్మ. "మా ఆయన పోయినాడు సూసేదానికి. నాకు ఈ పెనం వదిలితే గదా" అని ఆమె నవ్వి, అడక్కుండానే ఇంకో చెంచా చట్నీ వేసింది. అమ్మ సగం దోసె నా ఆకులోకి తోసేసింది. భయంగా ఉన్నప్పుడు ఆమె తినలేదు.

పుత్తూరు నుంచి కండ్రిగకు షేర్ ఆటోలు దొరుకుతాయి, మనిషికి ముప్పై రూపాయలు. మా ఆటో నడిపినతను ముప్పై ఏళ్ళ లోపు వాడు, మంచి మాటకారి. మమ్మల్ని కొత్తవాళ్ళనుకుని ఊరి గొప్పలు మొదలుపెట్టాడు. "ఈ మాదిరి బొమ్మ ఇంగ యాడా లేదక్కా. తల తిరగతా తిరగతా మధ్యలో ఆగతాది సూడండి, అది వాళ్ళమ్మ గాంధారి కోసం. కావాలనే అట్లా పెట్టినారు పెద్దోళ్ళు."

"ఎప్పుడు పెట్టినారప్పా?" అని అమ్మ అమాయకంగా అడిగింది.

"ఎప్పుడంటే ఏం సెప్పేది అవ్వా, రాజుల కాలం నించీ ఉండాది. మా తాత కూడా అదే సెప్పేవాడు."

అమ్మ మోచేత్తో నా డొక్కలో పొడిచింది. పెదాలు బిగబట్టుకున్నా ఆమె భుజాలు కదులుతున్నాయి. నాయన ఈ మాట విని ఉంటే ఆటో ఆపించి, బేరింగు సంగతి మొదటినుంచీ చెప్పి, వాడి ప్రాణం తీసేవాడు. మరి ఈసారి ఆగుతుందా అని అడిగాను. అతను, "ఏమోక్కా. కొత్త మిషను గదా. ఆగకపోతే మా ఆవిడ నన్నే తిడతాది, దానికి అదే ఇష్టం" అన్నాడు.

మైదానం చేరేసరికి ఎండ ముదిరింది. దుర్యోధనుడు తడి మట్టి వాసనతో పడుకుని ఉన్నాడు. ఒంటికి పసుపు రంగు, ఛాతీ మీద తెల్లటి హారాలు, మీసం మాత్రం ఒక్కొక్క వైపు మనిషి నిలువంత. ఎడమ తొడలో ఎర్రనీళ్ళ కుండ పూడ్చిన చోట మట్టి కొంచెం ఉబ్బి ఉంది. తల దగ్గర తెర కట్టారు. పక్క నుంచి తొంగి ఆ కొయ్య ముఖాన్ని చూశాను. రంగు కొత్తది, ముక్కు పక్కన పగులు పాతదే. ఆ పగులుకు నాయన లారీ బాడీలకు పూసే లప్పం పూస్తుంటే నేను డబ్బా పట్టుకుని నిలబడ్డాను.

యేసుపాదం మామ తెర వెనక నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. పుత్తూరులో చర్చి ప్రార్థన తెల్లవారే ముగించుకుని ఇటు వచ్చానన్నాడు. "బాగుండావా అక్కా?" అన్నాడు. "బాగుండా. గ్రీసు పెట్టినావా?" అంది అమ్మ. "పెట్టినా." అంతే. అమ్మ అసలు మాట అడగలేదు, ఆయన చెప్పలేదు. మా కళ్ళలోకి కూడా సరిగా చూడకుండా, ఎవరో పిలిచినట్టు వెనక్కి వెళ్ళిపోయాడు. తల ఇక ఆగదని, అందుకే మమ్మల్ని చూడలేక ముఖం తప్పించాడని నేను లెక్కేసుకున్నాను. అమ్మను ఇంటికి ఎలా తీసుకెళ్ళాలా అని అప్పుడే ఆలోచించడం మొదలుపెట్టాను.

ఎప్పుడూ కూర్చునే చోటే, దుర్యోధనుడి కుడికాలి వైపు పందిట్లో, ఆడవాళ్ళ మధ్య కూర్చున్నాం. ఆట పదిన్నరకు అటూ ఇటూగా మొదలైంది. ఈసారి భీముడు బక్కపలచటి మనిషి, దుర్యోధనుడు బొజ్జ మనిషి. భుజాల మీద అద్దాల చెక్కలు, తలమీద కిరీటం, కాళ్ళకు గజ్జెలు కట్టుకుని ఇద్దరూ మట్టి ఒంటి మీద పరుగులు తీస్తుంటే, పడిపోతారేమోనని జనం అరుపులు. ఒకసారి భీముడికి ఆయాసం వచ్చి దుర్యోధనుడి బొడ్డు దగ్గర కూర్చుండిపోయాడు. "లెయ్యబ్బా భీమా, ఎండెక్కతా ఉండాది" అని వెనక నుంచి ఒక ముసలాయన కేకేస్తే మైదానమంతా నవ్వు. ద్రౌపది వేషం కట్టినాయన జుట్టు విరబోసుకుని ఒక పక్కన నిలబడ్డాడు. హార్మోనియం, మద్దెల ఒకదాన్నొకటి తరుముతున్నాయి. అమ్మ మాత్రం తెర వంకే చూస్తూ కూర్చుంది.

భీముడు గద ఎత్తి తొడ మీద వేశాడు. కుండ పగిలి ఎర్రనీళ్ళు మట్టిలోంచి చిమ్మాయి. వేషగాడు పక్కనే కూలబడ్డాడు. ద్రౌపది ముడి వేసుకుంటుండగా తెర జారిపోయింది, ఎక్కడో మోటారు గుర్రుమంది. తల లేచింది. నిజంగానే వెన్నలా లేచింది. నాయన తిప్పినప్పుడు వచ్చే కిర్రుమనే చప్పుడు లేదు. ఎడమవైపు చూసింది, అక్కడి నుంచి నిదానంగా మావైపు తిరగసాగింది. నేను తలను చూడలేక అమ్మ చేతిని చూశాను. ఆ చెయ్యి నా మోకాలి మీద ఉంది, వేళ్ళు బిగుసుకుంటున్నాయి.

టక్కుమంది.

తల ఆగింది. అదే చోట. కొయ్య కళ్ళు తిన్నగా మా పందిట్లోకి చూస్తున్నాయి. హార్మోనియం ఆగింది, చిన్నపిల్లలు కూడా నోరు మూశారు. నేల మీద పడి ఉన్న వేషగాడు గొంతులోంచి "అమ్మా" అన్నాడు. తల ఒక్కసారి వణికింది, కదిలింది, కుడివైపుకు ఒరిగిపోయింది. ఆడవాళ్ళు లేచి మట్టి కోసం పరుగెత్తారు. ఆ ఒంటి మట్టి పిడికెడు తీసుకెళ్ళి ధాన్యంలో, చేలో వేసుకుంటే మంచిదని మావాళ్ళ నమ్మకం. మా అమ్మ లేవలేదు. చేత్తో నోరు మూసుకుని అలాగే కూర్చుంది, కళ్ళ నుంచి నీళ్ళు చేతి మీదుగా కారుతున్నాయి. నేనూ ఏడ్చాను. సిగ్గేమీ అనిపించలేదు.

జనం పలచబడ్డాక తల దగ్గరికి వెళ్ళాం. యేసుపాదం మామ గోతిలో లేడు. మా పందిరి వెనకే, పొడుగాటి వైరు చివర స్విచ్చు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మా దగ్గరికి వచ్చి అప్పుడు చెప్పాడు జరిగింది. కొత్త మెడ బిగించి మొదటిసారి తిప్పి చూసినప్పుడు తల ఎక్కడా ఆగలేదట. ఆయన మెప్పు కోసం చూస్తుంటే, దుర్యోధనుడి వేషగాడు కిరీటం తీసి పక్కన పెట్టి, "ఇది దుర్యోధనుడు కాదప్పా, ఫ్యాను. ఇట్లా తిరిగితే నేను అమ్మా అని యాడ పిలిచేది?" అన్నాడట. మామ చెదలు తినగా మిగిలిన పాత ఇరుసు ముక్క తెప్పించి చూశాడు. చింతకొయ్యలో ఒక ముడి, తల తట్టుకుని ఆగేది అక్కడే. బేరింగులన్నీ మార్చిన మా నాయన ఎప్పుడూ అనుమానించనిది ఆ కొయ్యనే, తను దగ్గరుండి చెక్కించింది కదా. ఆ ముడి ఉన్న చోటునే కొలుచుకుని, కొత్త ఇనుప ఇరుసుకు ఆకురాయితో గాడి కోశాడు మామ. నాకు వేలు పెట్టి చూపించాడు, గాడి అంచు ఇంకా మెరుస్తోంది.

"జీవితమంతా బాగుచేసేదే నేర్సుకున్యా అక్కా. చెడగొట్టేది ఇంత కష్టమని తెలీదు. ఎక్కువ కోస్తే అసలు కదల్లేదు, తక్కువ కోస్తే ఆగలేదు" అన్నాడు. "మోటారు పెట్టిందానికి ఒక లాభం ఉండాది. ముందర నుంచి సూసినా. బావ ఒక్కసారి గూడా సూడలేదు గదా, బావ పేరు సెప్పుకోని సూసినా."

అమ్మ ఆ గాడి మీద చెయ్యి పెట్టి కాసేపు ఉంచింది. గ్రీసు అంటుకున్న వేళ్ళను కొంగుకు తుడుచుకుంది, నాయన అలా తుడిచినప్పుడల్లా తిట్టేది ఆమే. ఆ తర్వాత పాత గొంతుతో, బస్సు కదిలాక అడిగే గొంతుతో అడిగింది, "అయితే ఈసారీ ఆగిందే, యేసుపాదం?"

మామ తల వంచుకుని, నవ్వకుండా అన్నాడు, "వచ్చే ఏడు సరిచేస్తాలే అక్కా."

అమ్మ పకపకా నవ్వింది. నాయన పోయాక ఆ నవ్వు వినడం నాకదే మొదటిసారి.

మధ్యాహ్నం పిన్నమ్మ ఇంట్లో రాగి సంగటి, దానిలోకి వేరుశనగలు రుబ్బిన ఊరిబిండి పచ్చడి తిన్నాం. అమ్మ రెండు ముద్దలు అడిగి వేయించుకుంది. అగ్నిగుండం దాకా ఉంటే తిరుగు బస్సుకు ఇబ్బంది అవుతుంది, ఉండాలనుకునేవాళ్ళు పుత్తూరులో గది చూసుకోవడం మంచిది. మేం మూడు గంటల బస్సు పట్టుకున్నాం. అమ్మ కొంగులో దుర్యోధనుడి మట్టి మూటకట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది, రేణిగుంట రాకముందే నిద్రపోయింది. ఆ మట్టి ఇప్పుడు మా కరివేపాకు కుండీలో ఉంది. పోయినవాళ్ళు చేసిన మంచి పనుల్ని అందరూ తలుచుకుంటారు. నాయన సరిచెయ్యలేకపోయిన ఒక పనిని ఒక ఊరు ఇంత జాగ్రత్తగా దాచిపెట్టుకుందంటే, ఆయన్ను నేను అనుకున్నదానికన్నా ఎక్కువమంది ప్రేమించారని అర్థమైంది. ఆయనకు మాత్రం అది అవమానంగానే మిగిలిపోయిందనేది నా బాధ.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క సలహా. పది గంటలకల్లా చేరుకుని దుర్యోధనుడి కుడికాలి వైపు పందిట్లో చోటు చూసుకోండి. మోటారు ఎలా పనిచేస్తుందో చూడాలని తల వెనక్కి వెళ్ళకండి. అక్కడి నుంచి చూస్తే మిషను ఆగినట్టు మాత్రమే కనిపిస్తుంది. మా నాయన అన్నేళ్ళూ కూర్చున్నది అక్కడే. మీరు ఎదురుగా కూర్చోండి.